సుభాషిణి పేరుతో

నవంబర్ 10, సోమవారం

ఇవాళ సెమినార్ నా వంతు. బోర్డు దగ్గరికి వెళ్లి, ఇటు తిరిగి నిలబడి, గుడ్ మార్నింగ్ అన్నాను. అంతవరకే వచ్చింది. బట్టీ పట్టిన ఇంగ్లిషు మొత్తం ఎటు పోయిందో పోయింది. రాజారత్నం సార్ మంచి మనిషి కాబట్టి సరిపోయింది, వేరే హెచ్ఓడీ అయితే అక్కడే కడిగేసేవాడు. "కంగారు లేదమ్మా సాబిరా, తెలుగులోనే చెప్పు" అన్నారు. తెలుగు కూడా రాలేదు. చివరికి జ్వరంగా ఉందని చెప్పి వచ్చి కూర్చున్నాను.

జ్వరం నిజంగానే ఉంది. ఇంటికొచ్చాక తగ్గింది.

నేనా మాట్లాడలేనిది! మా అబ్బా మెకానిక్ షెడ్డులో కస్టమర్లతో గొడవపడేది నేను. ఎమ్మే ఎకనామిక్స్ క్లాసుకి లీడర్ని, సీఆర్‌ని నేను. అందరూ కలిసి నా మొహంలోకి చూస్తే మాత్రం ఒక్క మాట రాదు. ఇంటర్ ఫస్టియర్ కరోనాలో గడిచింది. వీడియో ఆఫ్, మైకు మ్యూట్. ఎవరూ ఎవరినీ చూసేది లేదు. చదువులో నాకు సుఖంగా గడిచింది ఆ ఒక్క ఏడాదే.

నవంబర్ 12, బుధవారం

సుభాషిణి ఇవాళ కూడా అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. రాజుపాలెం అవతల ఊరు. రెండు బస్సులు మారాలి. పక్కనే పల్నాడు రోడ్డులో ఉండే నేనేమో రోజూ లేటు. సాయంత్రం లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని, ఇంక బస్సు తప్పిపోతుందన్నప్పుడు లేస్తుంది.

"ఏందే, ఇంటికి పోబుద్ధి కాదా నీకు?" అన్నాను.

"ఇంట్లో కూర్చున్నానంటే ఖాళీగా ఉన్నావని ఏదో ఒక పని చెప్తారు. ఇక్కడ కూర్చుంటే చదువుకుంటందంటారు. కూర్చునేది ఒకటే, చోటే తేడా" అంది.

దాని మాటలు అంతే. నెమ్మదిగా అంటుంది, మనకేమో తర్వాత అర్థమవుతుంది.

నవంబర్ 19, బుధవారం

మంచి వార్త! పై అంతస్తు శ్లాబు కారుతోంది, బాగుచేయించాలి. ఈ సెమిస్టర్ థియరీ క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో పెడితే ఎట్లా ఉంటుందని యాజమాన్యం అడుగుతోందట. సార్‌కి ఇష్టం లేదు, మొహంలోనే తెలిసిపోతోంది. "క్లాసు మొత్తం ఒప్పుకుంటేనే పెడదాం. ఒక్కరు కాదన్నా మెట్ల పక్కన హాల్లో సర్దుకుని ఇక్కడే చెప్తాను. సీఆర్, అందర్నీ అడిగి రేపు చెప్పు" అన్నారు.

ఆన్‌లైన్ అయితే సెమినార్లు కూడా ఉండవు. పీపీటీ పంపితే చాలు.

దానికోసం కాదు. ఊళ్లనుంచి వచ్చేవాళ్లు ఎంత అవస్థ పడుతున్నారో నాకు తెలుసు.

నవంబర్ 20, గురువారం

అందరూ ఒప్పుకున్నారు. వీరాంజనేయులు పొద్దున పూట ఎరువుల కొట్లో పని చూసుకోవచ్చన్నాడు. జ్యోతక్క అయితే ఏడ్చినంత పని చేసింది. పాప పుట్టాక మానేద్దామనుకుందట, ఇంట్లోనే వినొచ్చంటే ఇంకేం కావాలి. తిరుపతిరావు మాత్రం దాపరికం లేకుండా చెప్పేశాడు: "నేను పడుకుంటా వింటానమ్మా. కరోనాలో అట్టానే డిగ్రీలో చేరా."

సార్ ఎదురుగా చేతులెత్తమన్నాను. అందరూ ఎత్తారు. సుభాషిణి ఎత్తలేదు. బెంచీ మీద పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉంది.

"ఏమే, నీకోసమే గదా ఇదంతా. రెండు బస్సులు తప్పుతాయి గదా" అని దాని మణికట్టు పట్టుకుని నేనే చెయ్యి పైకెత్తాను. అందరూ నవ్వారు. అదీ నవ్వింది.

సార్ నవ్వలేదు. "సరే" అన్నారు.

డిసెంబర్ 1, సోమవారం

మొదలైంది. నైటీలో ఉండి దుప్పటి కప్పుకుని మైక్రో ఎకనామిక్స్ విన్నాను. ఒక్కో పేరు పిలుస్తుంటే చాట్‌లో ప్రెజెంట్ అని కొట్టడమే. స్వర్గం.

డిసెంబర్ 4, గురువారం

స్వర్గమే.

డిసెంబర్ 16, మంగళవారం

సుభాషిణి ఫోన్ చేసింది. ఇంట్లో సిగ్నల్ లేదట, గేదెల చావిడి వెనక గోడెక్కి కూర్చుంటే వస్తుందట. నవ్వొచ్చింది. "గోడెక్కిన ఎకనామిస్టువి" అన్నాను. అది నవ్వకుండా, "పుస్తకాలన్నా తీసుకోవచ్చా సాబీ లైబ్రరీలో, లేకపోతే అదీ మూశారా?" అంది. శ్లాబు పనిలో దుమ్మని అదీ మూశారు. చెప్పాను.

"అట్టాగా" అని పెట్టేసింది.

జనవరి 5, సోమవారం

మిరపకోతలు మొదలయ్యాయట వాళ్ల ఊళ్లో. వాళ్ల నాన్న క్వారీ టిప్పర్ తోలతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. పెత్తనమంతా వాళ్లమ్మ లింగమ్మగారిది. ఆమె ఊళ్లో కూలీల ముఠాతో కోతకి పోతుంది. ఇదివరకు సుభాని ఎప్పుడూ రమ్మనలేదు, కాలేజీకి పోయే పిల్ల కదా. ఇప్పుడు రమ్మంటోంది.

"క్లాసు ఫోన్లోనేగా, చెవిలో పెట్టుకో, కాయ కోస్తా విను అంటంది" అని చెప్పింది సుభా. "కాదంటానికి నాకు మాట దొరకలా. చేలో ఫోను పైటలో దోపుకున్నా. చేతులేమో మంట, ఫోను ముట్టుకుంటే దానికి కారం అంటి కళ్లకి తగులుద్ది. సార్ పేరు పిలిచినప్పుడు ప్రెజెంట్ కొట్టలేకపోతన్నా. డిసెంబర్ చివర్లో మూడు పోయినయి."

"ఓస్, ఇంతేనా" అన్నాను. "నీ పాస్‌వర్డ్ ఇవ్వు. మా అబ్బా ఫోన్లో నీ పేరుతో నేను చేరతా. నా దాంట్లో నేను, ఆయన దాంట్లో నువ్వు."

"తప్పు కాదా?"

"రెండు రోజులే కదే."

ఇచ్చింది. సీఆర్ అన్నాక ఆ మాత్రం సాయం చేయకపోతే ఎట్లా.

జనవరి 9, శుక్రవారం

సుభాషిణి ప్రెజెంట్. సాబిరా ప్రెజెంట్. ఇద్దరం బాగున్నాం.

జనవరి 13, మంగళవారం

అబ్బా ఫోన్ పొద్దున పూట నా దగ్గరే ఉంటోందని షెడ్డు నుంచి మనిషిని పంపాడు. "కస్టమర్లు చేస్తన్నారు, ఇయ్యమ్మా" అని రసూల్ చాచా గుమ్మంలో నిలబడ్డాడు. క్లాసు అయిపోయాక ఇస్తానన్నాను. అంతలో సార్ ప్రశ్న అడిగారు: "ధర పెరిగినా కొనడం తగ్గని వస్తువు ఏది, ఎందుకు?" ఎవరూ పలకలేదు. పలకరు. తెర మీద ఆ నల్ల డబ్బాల వెనక ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు కొట్లో కూర్చున్నారో దేవుడికి తెలియాలి.

నాకు జవాబు తెలుసు. నా పేరుతో కొట్టబోయి ఆగాను. తప్పయితే? అబ్బా ఫోన్ తీసుకుని సుభాషిణి పేరుతో కొట్టాను. ఉప్పు, మందులు, ఉదాహరణలతో సహా.

"వెరీ గుడ్ సుభాషిణీ! అందరూ ఇట్లా ఉంటే ఎంత బాగుంటుంది" అన్నారు సార్. ఆ గొంతులో అంత సంతోషం విని చాలా రోజులైంది.

నా జవాబుకి దానికి మెప్పు. పోనీలే, దానికీ మంచిదే.

జనవరి 20, మంగళవారం

మళ్లీ చెప్పాను. ఈసారి రెండు ప్రశ్నలకి. దాని పేరుతో ఉంటే భయమే వేయడంలేదు. నెట్‌లో వెతికి సార్‌నే ఒక ప్రశ్న కూడా అడిగాను. క్లాసంతా మా ఇద్దరి చర్చే. అంటే సార్‌దీ సుభాషిణిదీ.

సుభాకి ఈ సంగతి చెప్పలేదు. చెప్దామనే అనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత నేనూ చేయలేదు. రెండు రోజులన్నది రెండు వారాలయింది, అదీ ఏమీ అడగలేదు, దానికీ వీలుగానే ఉన్నట్టుంది.

జనవరి 24, శనివారం

వీలుగా లేదు.

ఇవాళ తనే చేసింది. గొంతు గుర్తుపట్టలేదు మొదట. మిరప ఘాటుకి గొంతు పట్టేసిందట. "సాబీ, క్లాసులు మళ్లీ కాలేజీలో పెట్టమని సార్‌ని అడగవే. కాలేజీ ఉందంటేనే మా అమ్మ పంపుద్ది. మేస్త్రి కోతలయ్యే దాకా నన్ను ముఠాలో రాసుకున్నాడు. మా అమ్మకి నేను చదువుతానే కోస్తన్నానని నమ్మకం. నేనొక్క ముక్క వినలేదే ఈ నెల. పరీక్షల్లో ఏం రాయను?"

"నువ్వు ముందే చెప్పాల్సింది" అన్నాను. అన్నాక సిగ్గేసింది.

"చెయ్యెత్తనప్పుడు చెప్పినట్టే గదా" అంది. కోపంగా అనలేదు.

జనవరి 27, మంగళవారం

సార్ స్టాఫ్ రూమ్‌కి వెళ్లాను. క్లాసులు మామూలుగా పెట్టండి సార్ అన్నాను. ఊళ్లలో ఉండే అమ్మాయిలకి ఆన్‌లైన్ కష్టంగా ఉందని చెప్పాను.

ఆయన ఆశ్చర్యపోయారు. "నాకూ మొదట అదే భయం అమ్మా. పిల్లలు ఎదురుగా లేకుండా చెప్పడం నాకు చేతకాదు. అయితే సుభాషిణి నా కళ్లు తెరిపించింది. క్లాసులో ఎప్పుడైనా నోరు విప్పిందా ఆ పిల్ల? ఇప్పుడు చూడు. జనవరిలో ఒక్క రోజు తప్పలేదు. మొన్న వాళ్లమ్మకి ఫోన్ చేసి మెచ్చుకున్నాను. యాజమాన్యానికి కూడా అదే చెప్పాను, పల్లెటూరి అమ్మాయిలకి ఇదే మేలు, వచ్చే సెమిస్టర్ కూడా కొనసాగిద్దామని."

నేను అక్కడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. మెట్ల మీద ఎవరో వస్తున్నట్టు అనిపించి ఆగాను.

ఎవరూ రాలేదు. నేనే రానివ్వలేదు ఆ మాటని.

జనవరి 28, బుధవారం

సుభాషిణి ప్రెజెంట్. కొట్టకపోతే హాజరు పోతుంది కదా. ఏం చేయమంటారు నన్ను.

జనవరి 29, గురువారం

చెప్తే దాని జనవరి హాజరంతా కొట్టేస్తారు. ఏడాది పోతుంది. చెప్పకపోతే క్లాసులు ఫోన్లోనే ఉంటాయి, అది చేలోనే ఉంటుంది. ఎటు తిప్పినా దానికే నష్టం. నాకు మాత్రం ఏమీ కాలేదు, దుప్పటి కప్పుకుని ఉన్నాను.

జనవరి 31, శనివారం

చెప్పేశాను.

సార్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ జవాబులు కూడా నీవేనా?" అన్నారు. అవునన్నాను. "నీ పేరుతో చెప్పుంటే ఎంత సంతోషించేవాణ్ణి అమ్మా" అన్నారు. ఇన్ని రోజులూ ఆయన లేని పిల్లతో మాట్లాడారు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. ఏడుపొచ్చింది.

సోమవారం నుంచి క్లాసులు మెట్ల పక్కన హాల్లో. యాజమాన్యంతో తను మాట్లాడుకుంటానన్నారు. జ్యోతక్క లాంటివాళ్లకి లింకు కూడా పెడతారట. నాకు సీఆర్ పదవి పోయింది. సుభా జనవరి హాజరు చెల్లదు. చేరిన రోజు నుంచి పరీక్షల దాకా ఒక్క రోజు తప్పకుండా వస్తే డెబ్బై అయిదు శాతం దాటుతుంది, గట్టెక్కిస్తానని మాటిచ్చారు. "ఫిబ్రవరి రెండో వారం దాటితే నా చేతిలో ఉండదు. వెళ్లి తీసుకురా" అన్నారు.

రేపు వెళ్తాను. తీసుకొస్తాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

రాయబుద్ధి కావడంలేదు. అయినా రాస్తాను.

రెండు బస్సులు మారి, ఆటో దిగి, చేలగట్టు మీద నడిచి వెళ్లేసరికి ఎండెక్కింది. ఈ దారిన రోజూ వచ్చేది అది. చేను నిండా ఆడవాళ్లు, తలలకి గుడ్డలు చుట్టుకుని సాళ్లలో వంగి ఉన్నారు. సుభా ఎవరో తెలియలేదు నాకు. అదే నన్ను చూసి నిలబడింది. నల్లబడింది. వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది.

లింగమ్మగారు నవ్వుతూ వచ్చారు. "సాబిరా అంటే నువ్వేనా అమ్మా? మా సుభా చెప్తా ఉంటది. కూర్చో తల్లీ, మంచినీళ్లు తాగు. మొన్న మీ సారే ఫోన్ చేశాడు. మీ అమ్మాయి ఇదివరకు నోరెత్తేది కాదు, ఇప్పుడు అందరికంటే ముందే జవాబు చెప్తందన్నాడు. దాని చెవిన పడకుండా ముఠాలో అందరికీ చెప్పా. కాయ కోస్తానే చదివింది చూడండే, అని. నా పక్క సాల్లోనే ఉండి ఎప్పుడు విన్నదో ఎప్పుడు చెప్పిందో, నాకే తెలవలా."

సుభా నా వైపు చూసింది. జవాబుల సంగతి దానికి తెలియదు కదా. వాళ్లమ్మ ఏం మాట్లాడుతోందో దానికి అర్థం కాలేదు.

నేను చెప్పాను. మొత్తం. చుట్టూ ముఠా అంతా చేతులాపి నా మొహంలోకే చూస్తోంది. ఈసారి మాట ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలియదు. సోమవారం నుంచి కాలేజీ ఉంది, పంపండి పిన్నీ అని దణ్ణం పెట్టాను.

లింగమ్మగారు చేతిలో కాయలు గోతంలో వేశారు.

"అంటే నెల్లాళ్లు నా పిల్ల అక్కడ లేదు" అన్నారు.

"లేదు పిన్నీ."

"లేదని మీ సారుకి తెలవలా."

"తెలియలేదు."

"తెలవకపోగా నాకు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు." ఆమె గొంతు పెంచలేదు. "మరి నా పిల్ల ఉన్నా లేకపోయినా మీకాడ ఒకటే అయినప్పుడు, రెండు బస్సులెక్కిచ్చి ఎందుకు పంపాలమ్మా? ఇక్కడ ఒక్క పూట రాకపోతే సాలు సాలంతా అడుగుద్ది, సుభా ఏదీ, ఒంట్లో బాగోలేదా అని."

సార్ మంచివాడు, తప్పు నాది, అని ఏదేదో అన్నాను. "నువ్వూ మంచిదానివేలే తల్లీ" అంటూ మళ్లీ సాల్లోకి వంగారు. "కోతలయినాక చూద్దాం."

కోతలయ్యేసరికి పరీక్షలయిపోతాయి.

సుభా గట్టు దాకా వచ్చింది. "జవాబులు కూడా చెప్పావా నా పేరుతో?" అంది.

"నీకు మంచి పేరొస్తుందని..."

"నేనెప్పుడు రావాలన్నా, ఆ పేరున్న పిల్ల ఇంటికాణ్ణించే బాగా చదువుతందంటారు గదే అందరూ. నువ్వు చదివిన చదువుకి నన్ను ఇక్కడ కూర్చోబెట్టావు." కళ్లు తుడుచుకోబోయి ఆగింది, చేతులకి కారం కదా. మోచేత్తో తుడుచుకుంది. "పో, బస్సు దొరకదు మళ్లీ."

బస్సులో కూర్చుని ఏడ్చాను. పక్కావిడ ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది.

ఫిబ్రవరి 2, సోమవారం

హాల్లో క్లాసు. అందరం ఒకరినొకరు చూసుకుని కొత్తగా నవ్వుకున్నాం. తిరుపతిరావు లావయ్యాడు. సుభాషిణి రాలేదు.

ఫిబ్రవరి 3

రాలేదు.

ఫిబ్రవరి 4

రాలేదు. సార్ వాళ్లమ్మకి ఫోన్ చేశారట. ఆమె మర్యాదగానే మాట్లాడిందట.

ఫిబ్రవరి 9, సోమవారం

సార్ ఎవరైనా సెమినార్ ఇస్తారా అంటే నేను లేచాను. తెలుగులో చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, మళ్లీ చెప్పాను. బాగుందన్నారు. ఇంత చిన్న పనికి భయపడి నేను ఎంత పని చేశాను! నవంబర్లోనే ఇట్లా తడబడుతూ చెప్పేసి కూర్చుని ఉంటే ఏం పోయేది? నలుగురు నవ్వేవాళ్లు. నవ్వి మర్చిపోయేవాళ్లు.

ఫిబ్రవరి 14, శనివారం

గడువు దాటింది. హాజరు చాలక సుభాషిణిని డిటెయిన్ చేశారు, పరీక్షలు రాయనివ్వరు. వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి మళ్లీ చేరవచ్చు. చేరుతుంది. తప్పకుండా చేరుతుంది.

ఫోన్ చేసి చెప్పాను. "తెలుసులే" అంది. రోజూ సాయంత్రం ఆ రోజు చెప్పిన పాఠం నేను ఫోన్లో చదివి వినిపిస్తానన్నాను. అక్కర్లేదంది. బతిమాలాను. చివరికి, "సరే, నీ ఇష్టం" అంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

రంజాన్ మొదలైంది. సాయంత్రం రోజా విప్పి, నమాజయ్యాక సుభాకి ఫోన్ చేస్తున్నాను రోజూ. ఆ వేళకి అది చేను నుంచి వచ్చి పొయ్యి దగ్గర ఉంటుంది. అమ్మీకి నచ్చడంలేదు, తిండి కూడా సరిగా తినకుండా ఈ పాఠాలేంటని.

మొదటి రెండు రోజులూ ఊ కొట్టింది. ఒక డౌటు కూడా అడిగింది. ఎంత సంబరపడ్డానో. మర్నాటికి ఇంకో పుస్తకం తెరిచి సిద్ధం చేసుకున్నాను, సార్ కంటే బాగా చెప్పాలని.

ఇవాళ ఎత్తగానే, "ఇక్కడ గిన్నెల చప్పుడు, అందరూ మాట్లాడతన్నారు. మ్యూట్‌లో పెడతా, నువ్వు చదువు" అంది. సరేనని మొదలుపెట్టాను. జాతీయాదాయం లెక్కించే పద్ధతులు. ఒక్కొక్కటీ మన ఊరి ఉదాహరణలతో, నెమ్మదిగా. ఒక పద్ధతి అయ్యాక ఆగి, "అర్థమైందా సుభా?" అన్నాను.

ఏ చప్పుడూ లేదు. వింటోందేమో. చేతులు ఖాళీ లేవేమో. అలసిపోయి పడుకుందో, ఫోను ఎక్కడో పెట్టి నీళ్లకి పోయిందో, నాకెట్లా తెలుస్తుంది? పేరు మాత్రం కనిపిస్తోంది. పక్కన నిమిషాలు నడుస్తున్నాయి.

"సుభా, ఉన్నావా?"

ఇంకోసారి అడిగాను. తర్వాత అడగడం మానేసి, మిగిలిన రెండు పద్ధతులూ చివరిదాకా చదివాను.